ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో లినక్స్: ఏ కంప్యూటర్‌కు తగిలించినా బూట్ అయ్యేలా

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించడం పెద్ద పనేం కాదు. అది వేరే కంప్యూటర్లలో కూడా బూట్ కావాలంటే మాత్రం బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ఆ డ్రైవ్‌లోనే ఉండాలి. చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. ఇన్‌స్టాల్ చేసిన లాప్‌టాప్‌లో అంతా బాగానే నడుస్తుంది, ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే డ్రైవ్ బూట్ మెనూలో ఉన్నా పైకి లేవదు. పైగా డ్రైవ్ పీకేసి లాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్‌కు బదులు గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) నల్లటి ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది.

ఇక్కడ చెప్పేది లినక్స్ మింట్ 22 గురించి, యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) ఉన్న 64 బిట్ ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్ల గురించి. ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లలో ఈ డ్రైవ్ బూట్ కాదు.

కావలసినవి రెండు: ఇన్‌స్టాలర్ కోసం 8 జీబీ పెన్‌డ్రైవ్, సిస్టమ్ కోసం 128 జీబీ లేదా అంతకన్నా పెద్ద ఎస్ఎస్‌డీ. సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆపరేటింగ్ సిస్టమ్ రోజంతా చిన్న చిన్న ఫైళ్లు రాస్తూనే ఉంటుంది. ప్యాకెట్ మీద ముద్రించే వేగం పెద్ద ఫైల్ కాపీ చేసేటప్పటిది. చిన్న రాతల్లో మామూలు పెన్‌డ్రైవ్ చతికిలబడుతుంది, బ్రౌజర్ తెరవగానే స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఎస్ఎస్‌డీని కూడా యూఎస్‌బీ 3 పోర్టుకే తగిలించండి. 5 జీబీపీఎస్ చాలు. యూఎస్‌బీ 2 పోర్టులో 480 ఎంబీపీఎస్ దాటదు.

మింట్ ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైల్) రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దాన్నుంచి యూఈఎఫ్ఐ మోడ్‌లో బూట్ చేయండి. బూట్ మెనూ కోసం డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. లైవ్ డెస్క్‌టాప్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్) వచ్చాక ఎస్ఎస్‌డీ తగిలించి, డిస్క్‌ను భాగాలు చేసే జీపార్టెడ్ తెరవండి. పై మూలన ఉన్న జాబితాలో డ్రైవ్‌ను దాని సైజు చూసి గుర్తుపట్టండి. ఇక్కడ పొరపడితే లోపలి డిస్క్‌లోని డేటా మొత్తం పోతుంది. ఎస్ఎస్‌డీ మీద జీపీటీ పార్టిషన్ టేబుల్ సృష్టించి, ముందు బూట్‌లోడర్ కోసం 512 ఎంబీ ఫ్యాట్32 పార్టిషన్ చేసి (ఇదే ఈఎఫ్ఐ పార్టిషన్) దానికి బూట్, ఈఎస్‌పీ ఫ్లాగ్‌లు, అంటే గుర్తులు, పెట్టండి. మిగతాది లినక్స్ కోసం ఈఎక్స్‌టీ4.

ఇప్పుడు అసలు మెలిక. మింట్ ఇన్‌స్టాలర్‌లో బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలో అడిగే పెట్టె ఉంటుంది. అక్కడ ఎస్ఎస్‌డీని ఎంచుకున్నా ఇన్‌స్టాలర్ దాన్ని పట్టించుకోకుండా లోపలి డిస్క్‌లో విండోస్ వాడుకునే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకే రాసేస్తుంది. ఎప్పటినుంచో ఉన్న బగ్ ఇది. డెస్క్‌టాప్ అయితే లోపలి డిస్క్ కేబుల్ పీకేయడం అన్నిటికన్నా భద్రం. లాప్‌టాప్‌లో విప్పే వీలు లేకపోతే, జీపార్టెడ్‌లోనే లోపలి డిస్క్‌కు మారి, బూట్, ఈఎస్‌పీ ఫ్లాగ్‌లున్న చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌ను వెతకండి. సాధారణంగా 100 నుంచి 260 ఎంబీ మధ్య ఉంటుంది. దాని నంబర్ రాసిపెట్టుకుని, రైట్ క్లిక్ చేసి మేనేజ్ ఫ్లాగ్స్‌లో ఆ రెండు టిక్‌లు తీసేయండి. ఫార్మాట్ మాత్రం చేయొద్దు. ఇక ఇన్‌స్టాలర్‌కు కనిపించే ఈఎఫ్ఐ పార్టిషన్ ఎస్ఎస్‌డీలోది ఒక్కటే.

ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లను మనమే ఎంచుకునే సమ్‌థింగ్ ఎల్స్ నొక్కండి. 512 ఎంబీదాన్ని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌గా, ఈఎక్స్‌టీ4ను రూట్‌గా (సిస్టమ్ ఉండే చోటు, గుర్తు /) చూపించండి. అంతా అయ్యాక రీస్టార్ట్ నొక్కకుండా కంటిన్యూ టెస్టింగ్ నొక్కి, జీపార్టెడ్‌లో ఇందాకటి రెండు ఫ్లాగ్‌లు లోపలి పార్టిషన్‌కు తిరిగి పెట్టేయండి. ఇది మరిచిపోతే విండోస్ బూట్ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఆ లైవ్ డెస్క్‌టాప్‌లో ఉండగానే ఎస్ఎస్‌డీలోని చిన్న పార్టిషన్ తెరిచి చూడండి. ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64 అనే ఈఎఫ్ఐ ఫైల్ కనిపించాలి. మామూలుగా కంప్యూటర్ ఏ బూట్‌లోడర్ నడపాలో తన మదర్‌బోర్డు మెమరీలో రాసుకుంటుంది. కొత్త కంప్యూటర్‌లో ఆ నమోదు ఉండదు కాబట్టి అది వెతికేది ఈ ఒక్క ఫైల్ కోసమే. అది లేకపోతే, ఎస్ఎస్‌డీ నుంచి సిస్టమ్ బూట్ చేసి, గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్‌ను రిమూవబుల్ ఆప్షన్‌తో ఒకసారి నడపండి.

ఎస్ఎస్‌డీ ఎక్కడికైనా తీసుకెళ్లేది, పోగొట్టుకునే అవకాశమూ ఎక్కువే. అందుకే ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా డేటా చదవలేకుండా చేసే తాళం) పెట్టుకోమనే చెబుతాం. తర్వాత పెట్టడం తలనొప్పి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కానిచ్చేయాలి. అప్పుడు ఈఎక్స్‌టీ4 పార్టిషన్ రెండవుతుంది: 1 జీబీ ఎన్‌క్రిప్ట్ చేయని బూట్ పార్టిషన్, మిగతాది ఎన్‌క్రిప్షన్ కోసం.

ఎన్‌విడియా కార్డు ఉన్నా, పలు కంప్యూటర్లలో తిప్పే డ్రైవ్‌లో ఆ కంపెనీ డ్రైవర్ వేయొద్దు. దానివల్ల వేరే కార్డున్న కంప్యూటర్లలో డిస్‌ప్లే ఇబ్బందులు రావచ్చు. సిస్టమ్‌తో వచ్చే నూవో అనే డ్రైవర్ వేగం తక్కువైనా ఎక్కడైనా సర్దుకుపోతుంది. డ్రైవ్ పేరు ఒక కంప్యూటర్‌లో ఎస్‌డీఏ, ఇంకోదాంట్లో ఎస్‌డీబీ అయినా కంగారు లేదు. సిస్టమ్ పార్టిషన్లను యూయూఐడీతో (ప్రతి పార్టిషన్‌కూ ఉండే ప్రత్యేక నంబర్) గుర్తుపడుతుంది.

విండోస్ ఉన్న కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్‌నో (నమ్మకమైన బూట్‌లోడర్లనే నడవనిచ్చే సెట్టింగ్) బూట్ క్రమాన్నో మార్చే ముందు విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో ఉంచుకోండి. మార్పు గమనిస్తే విండోస్ ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు. లినక్స్ నుంచి విండోస్ ఫైళ్లు చదవడమే తప్ప రాయడం కుదరకపోతే కారణం సాధారణంగా విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. అది విండోస్‌ను పూర్తిగా ఆపకుండా సగం నిద్రలో ఉంచుతుంది. దాన్ని ఆపేయండి. విండోస్‌లోకి వెళ్లాక గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తే, లినక్స్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంచుతోందన్నమాట. లినక్స్‌కు లోకల్ టైమ్ వాడమని చెబితే సరిపోతుంది.

పని మధ్యలో సిస్టమ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే ముందు కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టండి. అయినా తగ్గకపోతే డీమెసేజ్ (dmesg, కర్నెల్ సందేశాలు చూపే కమాండ్)లో యూఏఎస్ (యూఎస్‌బీ డ్రైవ్‌తో వేగంగా మాట్లాడే పద్ధతి) అన్న పేరుతో ఎర్రర్లు ఉన్నాయేమో చూడండి. కొన్ని ఎన్‌క్లోజర్ల (ఎస్ఎస్‌డీ పెట్టే యూఎస్‌బీ డబ్బాల) చిప్‌లకు ఆ పద్ధతి పడదు. కర్నెల్ ఆప్షన్లలో ఆ చిప్ ఐడీ ఇచ్చి యూఏఎస్ ఆపేస్తే వేగం కొంత తగ్గినా సిస్టమ్ నిలకడగా నడుస్తుంది. సస్పెండ్‌లో ఉన్నప్పుడు డ్రైవ్ మాత్రం ఎప్పుడూ పీకొద్దు, పూర్తిగా షట్‌డౌన్ అయ్యాకే తీయండి.