బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు లిక్విడ్ డైట్, ఇంట్ల ఉండి నెగ్గుకొచ్చుడు ఎట్ల

ఆపరేషన్ డేట్ ఖాయం అయినంక డైటీషియన్ మేడమ్ చేతిల ఒక కాగితం పెడ్తది, ఇగ రెండు వారాలు నమిలేది ఏదీ వద్దు, అన్నీ తాగుడే అని. అప్పటిదాంక ఆపరేషన్‌కు భయపడ్డోళ్ళు ఆ కాగితం చూసినంక దీనికి భయపడుడు మొదలుపెడ్తరు. మా అక్కకు స్లీవ్ ఆపరేషన్ (పొట్ట సంచిల చాలా భాగం కోసి తీసేసేది) అయినప్పుడు హనుమకొండల వాళ్ళింట్ల వంట చూసుకున్నది నేనే, తర్వాత మా చుట్టాలల్ల ఇంకొందరికి కూడా దగ్గరుండి చేసిపెట్టిన. అందుకే ఇది తాగెటోళ్ళకే కాదు, ఇంట్ల వండెటోళ్ళకు కూడా రాస్తున్న. ఈ రెండు వారాలు గడుస్తయా లేదా అన్నది సగం వంటింట్లనే తేలుతది.

ముందు ఇది ఎందుకో తెలుసుకోండి, తెలిస్తెనే నోరు కట్టుకోబుద్ధయితది. చాలామంది బరువు తగ్గనీకి అనుకుంటరు. బరువు తగ్గుతది నిజమే గానీ అసలు సంగతి లివర్. లివర్ ఎడమ భాగం సరిగ్గ మన పొట్ట సంచి మీద కప్పుకొని ఉంటది. బరువు ఎక్కువున్నోళ్ళల్ల చాలామందికి ఫ్యాటీ లివర్ ఉంటది, అంటే కొవ్వు పట్టి పెద్దగయి, బరువై, తొందరగ చిట్లేటట్టు ఉంటది. ల్యాప్రోస్కోపీ అంటే చిన్న చిన్న రంధ్రాల నుంచి చేసే పని, డాక్టర్ ఆ లివర్‌ను పైకి లేపి పట్టుకుంటెనే కింద పొట్ట కనపడ్తది, అది మరీ పెద్దగుంటే లేవదు, లేపబోతే రక్తం కారొచ్చు, ఒక్కోసారి ఆపరేషన్ ఆపి ఇంకో డేట్ ఇచ్చేదాంక పోతది. మనం అన్నం, రొట్టె, చక్కెర బంద్ చేస్తే లివర్‌ల దాచిపెట్టుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ముందు ఖర్చయితది, ఒక గ్రాము గ్లైకోజెన్‌ను పట్టుకొని సుమారు 3 గ్రాముల నీళ్ళు ఉంటయి, అవి పోతయి, దాని వెనక కొవ్వు కూడా కరుగుతది, లివర్ చిన్నగయితది. మొదటి వారంల కాంట మీద బరువు దబ్బున తగ్గినట్టు కనపడేది ఈ నీళ్ళ వల్లనే.

మామూలుగ రోజుకు 800 నుంచి 1000 క్యాలరీలు, 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్, 2 లీటర్లకు తక్కువ కాకుండ నీళ్ళు, ఇట్ల ఇస్తరు. కొందరికి పది రోజులే, బరువు మస్తు ఎక్కువుంటే మూడు నాలుగు వారాలు కూడా. కొన్ని హాస్పిటళ్ళు రోజుకొక పూట కూరగాయలు తిననిస్తయి, కొన్ని అస్సలు తిననియ్యవు. మీ కాగితంల ఏముంటే అదే ఫైనల్, నేను చెప్పేదానికీ దానికీ తేడా వస్తే దాన్నే పట్టుకోండి.

షుగర్ ఉన్నోళ్ళు మొదలుపెట్టకముందే మందుల సంగతి అడగాలె, ఇది ఫోన్‌ల కాదు, మందుల చీటి తీస్కపోయి డాక్టర్ ముందు పెట్టి అడగాలె. తిండి సగానికంటె తక్కువ అయితది గద, పాత డోసులనే ఇన్సులిన్ తీసుకున్నా గ్లిమిపిరైడ్ అసొంటి గోలీలు వేసుకున్నా షుగర్ పడిపోతది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఉండే గోలీలైతే ఇంకా జాగ్రత్త, తిండి తక్కువున్నప్పుడు అవి వేసుకుంటే మీటర్‌ల షుగర్ మామూలుగ కనపడంగనే రక్తంల ఆమ్లం పెరిగి పానం మీదికి రావొచ్చు, వాటిని ఆపరేషన్‌కు ముందు ఎప్పుడు ఆపాలె అన్నది డాక్టరే చెప్పాలె. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే గోలీ వాడేటోళ్ళు కూడా అడగండి, లేకుంటే లేచి నిలబడంగనే కండ్లు తిరుగుతయి. ఇంట్ల గ్లూకోమీటర్ పెట్టుకోండి, 70 కంటె తక్కువ చూపిస్తే డైట్ సంగతి పక్కన పెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్ళల్ల కలిపి తాగాలె, పావుగంట ఆగి మళ్ళ చూసుకోవాలె. అది డైట్ తప్పినట్టు కాదు.

ఇగ తాగేది ఏంది అంటే, మనోళ్ళకు తాగేది అనంగనే అంబలి యాదికొస్తది. జొన్న అంబలి, రాగి జావ, మక్క గట్క పలుచగ చేసి ఇస్తే బలం ఉంటది గద అని మా అమ్మనే అన్నది. అవి మంచియే గానీ ఈ రెండు వారాలకు కాదు, అదంతా పిండి, లివర్ ఖాళీ చేయాలని చూస్తుంటే మళ్ళ నింపినట్టు అయితది. అట్లనే మామిడి రసం, చెరుకు రసం, బత్తాయి రసం వద్దు, పండ్ల రసం ఆరోగ్యం అనే మాట ఇక్కడ పనికిరాదు. కల్లు చెట్టు నుంచి వచ్చిన నీళ్ళే గద అనే మగోళ్ళు ఉన్నరు, అండ్ల చక్కెర ఉంటది, మత్తు ఉంటది, రెండూ లివర్ మీదనే పడ్తయి. కొబ్బరి నీళ్ళు డైటీషియన్ సరే అంటే ఒక గ్లాస్, కిడ్నీ సమస్య ఉన్నోళ్ళు అడగకుండ ముట్టొద్దు, వాళ్ళకు ప్రొటీన్ లెక్క కూడా వేరే ఉంటది.

పప్పు కట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె. పప్పు ఉడకబెట్టి పైన తేట తీసి ఇస్తే ప్రొటీన్ వచ్చిందని ఇంట్ల అందరు అనుకుంటరు. ప్రొటీన్ చాలావరకు కింద పప్పులనే ఉంటది, తేటల ఉండేది కొంచెమే. సల్ల కూడా అంతే, సగానికి సగం నీళ్ళే. వాటిని రుచికి, ఉప్పుకు తాగండి, ప్రొటీన్‌కు లెక్కపెట్టకండి. ప్రొటీన్ తక్కువైతే కొవ్వుతోటి పాటు కండ కూడా కరుగుతది, చేతులు కాళ్ళు పీకినట్టయితయి, ఆకలి ఆగదు. అందుకే ప్రొటీన్ పౌడర్ తప్పదు. పాల నుంచి తీసే వే ప్రొటీన్ ఒక స్కూప్‌ల 20 నుంచి 25 గ్రాములు ఉంటది, డబ్బా వెనక చదివి చూసుకోండి, చక్కెర లేనిది చూసుకోండి. రెండు స్కూప్‌లు, రెండు గ్లాసుల వెన్న తీసిన పాలు అంటే దాదాపు 14 గ్రాములు, కలిపితే 60 దగ్గరికి వస్తది. ప్యాకెట్ పాలల్ల టోన్డ్‌ల 3 శాతం వెన్న ఉంటది, డబుల్ టోన్డ్‌ల 1.5 శాతం, స్కిమ్డ్ దొరికితే అదే తీసుకోండి. పాలు పడనోళ్ళకు ఐసోలేట్ అని ఉంటది, అండ్ల పాల చక్కెర బాగ తక్కువ. డబ్బా ఒకేసారి పెద్దది కొనకండి, రుచి నచ్చకుంటే రెండో రోజుకే వాసన పడదు, ముందు చిన్న సాచెట్‌లు తెచ్చుకొని ఒక వారం ముందే తాగి చూడండి.

పౌడర్‌ను వేడి వేడి పాలల్ల వేస్తే గడ్డలు కడ్తది, మొత్తం పారబోసుడే. చల్లటి నీళ్ళల్ల కలిపి బాగ షేక్ చేసి కొంచెం ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేస్తే తియ్యటి వాసన చచ్చిపోతది, ఐస్ వేస్తే ఇంకా నయం. ఏ రుచి లేని పౌడర్ అయితే గోరువెచ్చటి సూప్‌ల కూడా కలిసిపోతది, ఇది మాకు బాగ పనిచేసింది, ఎందుకంటే నాలుగో రోజుకు తీపి అంటెనే కడుపుల తిప్పుతది, మన నోటికి ఉప్పు, పులుపు, కారం కావాలె. మిరియాల చారు, నిమ్మరసం పిండిన చికెన్ సూప్, అల్లం జీలకర్ర కొట్టి వేసిన సల్ల, ఇవే కాపాడ్తయి. పచ్చిపులుసు కూడా చేసుకోవచ్చు, బెల్లం లేకుండ, ఉల్లిగడ్డ పిసికి వడగట్టేసి, మంచిగ కొత్తిమీర వాసన పట్టించి. పాయ సూప్ లేకుంటే బొక్కల సూప్ చేస్తే రాత్రి ఫ్రిజ్‌ల పెట్టండి, పొద్దుగాల్ల పైన గట్టిపడ్డ కొవ్వు మొత్తం చెంచతోటి తీసేసి, చాయ్ జాలిల కాదు సన్నటి బట్టల వడగట్టండి. టమాట, సొరకాయ, పాలకూర ఏదైనా ఉడకబెట్టి మిక్సీ పట్టి వడగట్టుకోవచ్చు, ఆలుగడ్డ, చిలగడదుంప, మక్కలు వద్దు.

టైమ్ పెట్టుకొని తాగితే ఆకలి అంత కొట్టదు. అక్కకు పొద్దున 7కు గోరువెచ్చటి నీళ్ళు, 8కి షేక్, 11కు సల్ల, ఒంటిగంటకు పెద్ద గిన్నెడు సూప్, 4కు చక్కెర లేని చాయ్, 6కు రెండో షేక్, 8కి చారు లేకుంటే సూప్, పండేముందు ఒక గ్లాస్ పాలు. నడుమల నీళ్ళు. సూప్ గిన్నెల పోసి చెంచతోటి కూర్చొని తాగాలె, గ్లాసుల పోసి గటగట తాగితే తిన్నట్టే అనిపించదు. ఇంకోటి, ఆపరేషన్ తర్వాత చిన్న చిన్న గుక్కలే తాగాల్సి వస్తది, స్లీవ్‌ల పొట్టను దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తరు, గటగట అలవాటు ఇప్పుడే మానుకుంటే అప్పుడు వాంతుల బాధ తక్కువుంటది. గ్యాస్ ఉన్న సోడాలు, కూల్‌డ్రింకులు కూడా ఇప్పటినుంచే బంద్.

మొదటి మూడు నాలుగు రోజులే గండం. తలనొప్పి, చిరాకు, చలి పెట్టినట్టు ఉండుడు, నోట్ల ఒక రకం వాసన, ఏ పని చేయబుద్ధి కాకపోవుడు, ఇవన్నీ వస్తయి. చక్కెర బందయి ఒళ్ళు కొవ్వును కాల్చుకునుడు మొదలుపెట్టిందంటే అట్లనే ఉంటది, ఐదో రోజుకల్ల చాలామందికి తేలికపడ్తది. ఆ మొదటి రోజులు ఆఫీసుల పెద్ద పని, ప్రయాణం పెట్టుకోకండి. తలనొప్పికి ముందు ఉప్పు వేసిన సల్ల లేకుంటే చారు తాగి చూడండి (బీపీ, గుండె జబ్బు ఉన్నోళ్ళు ఉప్పు సంగతి అడిగి), రోజుకు ఐదారు చాయ్‌లు తాగేటోళ్ళు ఒక్కసారే మానేసినా తల పగుల్తది, ముందు వారం నుంచే మెల్లగ తగ్గించుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అసొంటి నొప్పి గోలీలు సొంతంగ వేసుకోవద్దు, అడిగి పారాసిటమాల్ వేసుకోండి. మోషన్ రోజూ రాదు, పీచు లేదు గద, రెండు మూడు రోజులకోసారి వస్తే భయం లేదు, కడుపు ఉబ్బి ఇబ్బంది అయితే ఫోన్ చేసి అడగండి.

ఈ దశల ఉన్నోళ్ళకు నేను గట్టిగ చెప్పేది ఒకటే. ఆపరేషన్ తర్వాత కూడా జీవితం మొత్తం ఇదే ఆకలా అని ఏడుస్తరు, మా అక్క కూడా ఏడ్చింది. కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువ తయారయ్యేది పొట్ట పైభాగంల, స్లీవ్‌ల తీసేసేది ఆ భాగమే, అందుకే తర్వాత కూడా కొన్ని రోజులు లిక్విడ్లే అయినా అప్పుడు చాలామందికి ఇంత ఆకలి ఉండదు. ఇప్పుడు పొట్ట మొత్తం ఉంది, ఆకలి మొత్తం ఉంది, అందుకే ఇది కష్టం, మీ మనసు బలహీనం అయి కాదు.

ఇంట్లోళ్ళకు ఒక మాట. పొట్టేలు కూర, బగారా అన్నం ఈ రెండు వారాలు ఇంట్ల వండకపోతే ఎవ్వలకు ఏం కాదు. తాలింపు వాసన వస్తుంటే చారు తాగుడు ఎంత కష్టమో ఊహించండి. ఆదివారం వండకుంటే పిల్లలు ఊకోరు అంటే ఆ టైమ్‌కు మనిషిని భద్రకాళి చెరువు కట్ట మీదికి మెల్లగ నడిపిచ్చుకు రండి, ఎండ లేనప్పుడు. ఒక్క ముద్ద తింటే ఏమైతది బిడ్డా అనే పెద్దమనుషులకు ముందే కూర్చోబెట్టి లివర్ సంగతి చెప్పండి, మా అత్తమ్మకు చెప్పినంక ఆమెనే వచ్చినోళ్ళందరికి అడ్డం నిలబడ్డది. మేడారం నుంచి ఎవరైనా బంగారం తెస్తే కండ్లకద్దుకొని పక్కన పెట్టండి, అది బెల్లమే గద, తల్లులు ఏమనుకోరు. డేట్ మీ చేతిల ఉంటే సద్దుల బతుకమ్మ, సంక్రాంతి సకినాలు, దగ్గరోళ్ళ పెండ్లి ఈ రెండు వారాలల్ల పడకుండ చూసుకోండి. దావత్‌కు పోక తప్పకుంటే షేక్ తాగి పోండి, పలకరించి వచ్చేయండి. ఏప్రిల్ మే నెలలైతే మన దిక్కు ఎండ మామూలుగ ఉండదు, మూత్రం ముదురు పసుపు వస్తే నీళ్ళు చాలలేదని అర్థం.

తప్పి ఏదైనా తింటే దాచకండి, ముఖ్యంగ చివరి రోజులల్ల. కడుపుల తిండి ఉండంగ మత్తు ఇస్తే అది ఊపిరితిత్తులల్లకు పోయే ప్రమాదం ఉంది, డాక్టర్‌కు చెప్తే తిడ్తరేమో గానీ కాపాడ్తరు. ఆగకుండ వాంతులు, స్పృహ తప్పుడు, గుండె దడ తగ్గకపోవుడు, జ్వరం, కుడి పక్క డొక్క కింద గట్టి నొప్పి వస్తే డైట్ వల్లనే అనుకొని ఊకోవద్దు, వెంటనే ఫోన్ చేయండి. తొందరగ బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంల రాళ్ళు కూడా తయారయితయి.

ముందు రోజు చాలాచోట్ల పాలు, షేక్ కూడా బంద్ చేసి తేట నీళ్ళలెక్క ఉండేవే ఇస్తరు, వడగట్టిన సూప్, పాలు లేని చాయ్, నీళ్ళు. ఆఖరి గుక్క ఎన్ని గంటలకు అన్నది మత్తు డాక్టర్ చెప్పింది ఒక కాగితం మీద పెద్దగ రాసి ఫ్రిజ్ మీద అతికించండి. హైదరాబాద్‌ల ఆపరేషన్ అయితే కాజీపేట నుంచి రైల్ అయినా కారు అయినా రెండు మూడు గంటల దారి, ఫ్లాస్క్‌ల చారు పెట్టుకొని పోండి, తోటి వచ్చేటోళ్ళు దారిల టిఫిన్ మీ ముందల తినొద్దని ముందే చెప్పండి. ఆపరేషన్ పొద్దున వేసుకోవాల్సిన బీపీ, థైరాయిడ్ గోలీలు ఏవో, ఆపాల్సినవి ఏవో వేరే వేరే కవర్లల్ల పెట్టి పేర్లు రాసి పెట్టుకుంటే, ఆ హడావిడిల ఎవ్వలు ఇచ్చినా తప్పు పోదు.