బ్యాలేలో బార్ వదిలి పాయింట్ మీద నిలబడాలంటే

బ్యాలే సాధనలో బార్ (పట్టుకునే కడ్డీ) దగ్గర పాయింట్ (ప్రత్యేకమైన షూస్‌తో వేళ్ల కొసల మీద నిలబడడం) చక్కగా చేసేవాళ్లు కూడా హాలు మధ్యకు రాగానే తడబడతారు. చాలాసార్లు లోపం కాళ్లలో ఉండదు, తెలియకుండానే బరువును చేతి మీద వేసే అలవాటులో ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోండి. బార్ పక్కనే సూ-సూలో (ఒక పాదం ముందు, ఒకటి వెనక, రెండూ బిగించి దగ్గరగా) లేచి, చేతివేళ్లు మెల్లగా ఎత్తి నాలుగు లెక్కలు ఆగండి. చెయ్యి తీసిన క్షణంలో భుజాలు బిగుసుకున్నా, నడుము వెనక్కి వాలినా, అంతసేపూ బార్ మిమ్మల్ని మోస్తోందన్నమాట.

హాలు మధ్యలో మొదట రెండు కాళ్ల రెలవేలు (మడమలెత్తి పైకి లేవడం), ఎషాపేలే (దగ్గరగా ఉన్న కాళ్లను విడదీస్తూ లేవడం) చెయ్యండి. ఒంటికాలివి తర్వాత. (నేల జారుడుగా లేదని ముందే చూసుకోండి.) నా దృష్టిలో లేవడం కంటే దిగడమే అసలు సాధన. దబ్బున మడమ వేయకుండా, వేళ్ల కొసల నుంచి డెమీ పాయింట్ (మడమ ఎత్తి వేళ్ల మొదళ్ల మీద నిలబడడం), అక్కడి నుంచి మడమ, ఆపైన ప్లియే (మోకాళ్లు వంచడం), ఇలా ఒక్కో దశా పాదానికి తెలిసేలా దిగండి. చీలమండ చిటికెన వేలి వైపు ఒరిగితే అద్దంలో ఇట్టే కనిపిస్తుంది. బరువు బొటనవేలు, దాని పక్క వేళ్ల మీదే ఉండాలి. ఒరగడం పదేపదే జరుగుతుంటే కాళ్లు అలసిపోయినట్టే, ఆ రోజుకి షూస్ విప్పేయండి.