మీ పొలానికి ఏ చెట్టు? 4వ పాఠం: కొలతలు (ముందు బ్లాకుల మరమ్మతు)

అయిదు జాతులు పక్కపక్కన నాటి మీ పొలానికి ఏది నప్పుతుందో తేల్చే ప్రయోగంలో ఈసారి కొలతలే మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠానికి మీరు గీసిన పటాల్లో చాలావాటిలో బ్లాకు (అయిదు జాతులకూ ఒక్కో మడి ఉండే పట్టీ) పై గట్టు నుంచి కింది గట్టు దాకా నిలువుగా దిగింది. అనంతపురం ఎర్రనేలల్లో అలా వేస్తే ఒకే బ్లాకులో గ్లిరిసిడియాకు పైనున్న గరుసు, అవిశకు కింద పేరుకున్న ఒండ్రు దక్కుతాయి. ఆపైన అవిశ ఏపుగా పెరిగితే ఆ గొప్ప చెట్టుదా, మట్టిదా?

వాననీరు పారే దిక్కు చూసి, దానికి అడ్డంగా తాడు పట్టండి. బ్లాకు పొడవు అటే. మొక్కకూ మొక్కకూ 2 మీటర్ల ఎడం, 5 వరుసలు, వరుసకు 5 మొక్కలు: ఒక జాతి మడి 10 × 10 మీటర్లు. గ్లిరిసిడియా, సుబాబుల్, అవిశ, కానుగ, వేప పక్కపక్కన 50 మీటర్లు. అలాంటి బ్లాకులు నాలుగు, ఒకదాని కింద ఒకటి. మొత్తం 500 మొక్కలు, దాదాపు అరెకరం. ఏ మడిలో ఏ జాతి అని తేల్చే చీటీలు బ్లాకు బ్లాకుకూ మళ్లీ తీయాలి.

ఇప్పటికే నాటేశారా? పీకొద్దు. మడి పై వాలుదా, నడిమిదా, కిందిదా రాసుకుని పైదాన్ని పైదానితోనే పోల్చండి. ఒకసారి తీసిన చీటీల వరుసనే నాలుగు బ్లాకులకూ దించేసినవాళ్లకు ఒక్కో జాతి అన్ని బ్లాకుల్లోనూ ఒకే ఎత్తున పడింది కాబట్టి ఆ దారీ లేదు, మళ్లీ నాటాల్సిందే.

గుంటలు, కలుపు సంగతి మీకు చెప్పక్కర్లేదు. మడిలో బయటి 16 మొక్కలను వదిలి లోపలి 9 మాత్రమే కొలవండి. అంచు మొక్కల మీద పక్క జాతి నీడ పడుతుంది, వేళ్లూ కలుస్తాయి. మొదలు మందం నేలకు 10 సెం.మీ. ఎత్తున, వెర్నియర్‌తో (మందం కొలిచే దవడల స్కేలు) రెండు వైపులా తీసి సగటు వేయండి. అక్కడే పెయింటు గీత పెట్టాలి, వానకు మట్టి కోసుకుపోతే ఆ 10 సెం.మీ. మారిపోతుంది. ఎత్తుకు గీతలు గీసిన పీవీసీ పైపు టేపు కన్నా మేలు. ఆకు కొస దాకా కాదు, చిగురు మొగ్గ దాకా కొలవండి.

గ్లిరిసిడియా మొదలు దగ్గరే కొమ్మలుగా చీలితే మందాలు కూడొద్దు. 20, 15, 12 మి.మీ. కొమ్మలుంటే వాటి వర్గాలు 400 + 225 + 144 = 769, వర్గమూలం 27.7. ఒకే కాండం అయితే ఉండే మందం అదే. ఊరికే కూడితే 47 అవుతుంది.

ఇక అన్నిటికన్నా చిరాకు తెప్పించే లెక్క, చచ్చిన మొక్కలను వదిలేసి తీసే సగటు. అవిశ 9లో 4 బతికి ఒక్కోటి 3.5 మీటర్లు, గ్లిరిసిడియా 9కి 9 బతికి 2 మీటర్లు అనుకోండి. బతికినవాటి సగటు చూస్తే అవిశదే గెలుపు. నాటిన 9తో భాగించండి: అవిశ 1.56, గ్లిరిసిడియా 2. పైగా అయిదు చచ్చాక మిగిలిన నాలుగింటికి ఎండ, నీరు, చోటు ఎక్కువ దొరికాయి. ఆ 3.5 మీటర్లు కూడా పూర్తిగా అవిశ సొంతం కాదు. అందుకే బతికిన శాతం (44, 100) ఒక గడిలో, ఎత్తు ఇంకో గడిలో రాయండి. పోగుంటలు (చచ్చినవాటి చోట కొత్త మొక్కలు) మొదటి నెలలోనే నాటాలి. ఆ తర్వాత నాటినవాటికి ఎర్ర పెయింటు పూసి, లెక్కలో చచ్చినవిగానే చూపండి. పచ్చగా ఉంది కదా అని కలిపేయొద్దు.

అభ్యాసం: చెట్టు పక్క పంటను ఎంత దూరం దాకా తగ్గిస్తుందో చూడటానికి వేరుశనగ చేలో విడిగా నిలబడ్డ పాత వేపచెట్టును ఎంచుకోండి. మొదలు నుంచి నాలుగు దిక్కులా 1, 2, 4, 6, 10 మీటర్ల దూరాన చదరపు మీటరు చొప్పున వేరుశనగ పీకి, కాయ తూచండి. మొత్తం 20 తూకాలు. కాయ గలగలలాడేలా ఎండాకే తూకం వేయాలి.