నలభై ఐదు దాటాక కాటా కాదు, టేపు చూడండి

బరువు పెరిగింది రెండు మూడు కిలోలే. జాకెట్టు భుజాల దగ్గర సరిపోతోంది, లంగా బొందు మాత్రం నడుము దగ్గర బిగుస్తోంది. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్లూ తుంటికీ తొడలకూ చేరే కొవ్వు, నెలసరి ఆగే వయసులో ఆ హార్మోన్ తగ్గాక పొట్ట లోపలికి మళ్లుతుంది. అక్కడ చేరిన కొవ్వు ఇన్సులిన్ పని చెడగొడుతుంది. నలభై రాగానే మెటబాలిజం పడిపోతుందన్న మాట నమ్మకండి. 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో శరీర పరిమాణం లెక్క సరిచేసి చూస్తే, 20 నుంచి 60 ఏళ్ల దాకా శక్తి ఖర్చు దాదాపు మారలేదు. తరిగేది కండ.

నడుము పొద్దున్నే పరగడుపున, బట్ట మీద కాకుండా ఒంటి మీద కొలవాలి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ నడిమధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడండి. పొట్ట లోపలికి లాగారో, మోసపోయేది మీరే. మన ఆడవాళ్లకి హద్దు 80 సెంటీమీటర్లు. నెలకోసారి చాలు.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించండి. రెండోది 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే షుగర్ గుమ్మంలో ఉన్నట్టే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేదంటే థైరాయిడ్ రిపోర్టు తప్పు చూపించొచ్చు. థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతోనే వేసుకుని, ఫిల్టర్ కాఫీకి అరగంట నుంచి గంట ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకి 4 గంటల ఎడం ఉండాలి. టీఎస్‌హెచ్ దిగట్లేదని డోసు పెంచే ముందు చూడాల్సింది ఇదే.

60 కిలోల మనిషికి రోజుకి సుమారు 60 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోవచ్చు (కిడ్నీ జబ్బుంటే డాక్టరునడగాలి). 60 గ్రాముల పెసలతో పోసిన అట్లలో 14 గ్రాములు, పక్కన గుడ్డు పెడితే ఇంకో 6. లోపల ఉప్మా కూరడం మీ ఇష్టం, అది లెక్కకి రాదు. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం 100 గ్రాముల ముక్కలో 20 దాకా ఉంటుంది. వేపుడు కన్నా పులుసు మేలు.

ఆర్కే బీచ్‌లో నడక షుగర్‌కి మంచిదే, కండకి మాత్రం చాలదు. విశాఖ ఉక్కపోతలో కారే చెమట నీరే, కొవ్వు కాదు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి: 10 సార్లు, 3 విడతలు. మోకాళ్లు లోపలికి ఒరిగితే నొప్పి పుట్టొచ్చు. అప్పుడు దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచండి. తేలికైపోయాక చేతికో లీటరు నీళ్ల సీసా పట్టుకోండి.

రాత్రి వేడి ఆవిర్లతో నిద్ర చెడితే మర్నాడు ఆకలి పెరుగుతుంది. ఆవిర్లకి హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది, కానీ అది సన్నబడే మందు కాదు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం గతంలో ఉంటే గైనకాలజిస్టుకి ముందే చెప్పండి. నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.