లెగో డబ్బా సీలు విప్పాలా, వద్దా?

ముందుముందు రేటు పెరుగుతుందని లెగో సెట్లను (ప్లాస్టిక్ ముక్కలు కలిపి బొమ్మలు కట్టుకునే ఆటవస్తువులు) సీలు తీయకుండా అటకెక్కించేవాళ్లు తాజ్‌మహల్ సెట్ సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి. 2008లో 5,922 ముక్కలతో వచ్చింది. తయారీ ఆపేశాక పాత డబ్బాల ధర చుక్కలనంటింది. 2017లో కంపెనీ దాదాపు అదే సెట్‌ను మళ్లీ దించేసరికి ఆ ధర కాస్తా దిగొచ్చింది. అందుకే ఇష్టపడి కొన్నదైతే విప్పి కట్టేయండి (ఇంట్లో పిల్లలుంటే వాళ్లే విప్పేస్తారనుకోండి). డబ్బా, బుక్‌లెట్ మాత్రం పారేయకండి. ముక్కలన్నీ ఉంటే వాడిన సెట్‌ను కూడా కొనేవాళ్లుంటారు. సీలుతోనే ఉంచుతానంటే అటక మాత్రం వద్దు. వేడికి స్టిక్కర్ల జిగురు పోతుంది, చెమ్మకు అట్ట ఉబ్బుతుంది. ఎండ తగలని బీరువాలో, పైన బరువు పెట్టకుండా దాచండి.