చెనక్కాయ చేదు తగిలిందా? బూజు విషం: సమస్య - పరిష్కారం

మన చిత్తూరు, తిరుపతి వైపు చెనక్కాయ లేకుండా పూట గడవదు. సంగటిలోకి ఊరిబిండి, ఇడ్లీలోకి చట్నీ, పిల్లలకి బెల్లం ఉండలు, గానుగ నూనె, నూనె తీశాక మిగిలిన చెక్క ఆవులకి. కాబట్టి అఫ్లాటాక్సిన్ గురించి అందరికంటే ముందు మనకే తెలియాలి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషం ఇది. లివర్ క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలిపోయింది. దీనికి రంగు, రుచి, వాసన ఏవీ లేవు, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

సమస్య: గుప్పెడు పప్పులు నోట్లో వేసుకుంటే ఒకటి చేదుగా తగిలింది.

ఆ చేదు విషానిది కాదు, పాడైపోయిన గింజది. కానీ విషం ఎక్కువగా పోగయ్యేది కూడా అలాంటి ముడతలు పడిన, నల్లబడిన, పురుగు తొలిచిన గింజల్లోనే, కాబట్టి మొహమాటపడకుండా ఉమ్మేయండి. మిగతావి చేటలో పోసి పగటి వెలుతురులో ఏరండి. వేయించి పొట్టు తీశాక ఇంకోసారి చూడండి, పచ్చివాటిలో కనపడని మచ్చలు అప్పుడు బయటపడతాయి. మిక్సీలో వేసేశాక ఇంక చేయగలిగింది లేదు, ఒక్క గింజ చాలు చట్నీ మొత్తానికి పాకడానికి. వేయిస్తే పోతుందిలే అనుకోకండి, కొంత తగ్గుతుంది అంతే. ఉడికించినా అంతే.

సమస్య: బూజు ఎక్కడా కనపడలేదు, అయినా కొన్నవాళ్ళ రిపోర్టులో అఫ్లాటాక్సిన్ ఎక్కువ వచ్చింది.

కంటికి బూజు కనపడలేదంటే విషం లేదని కాదు. కాయ ఊరే చివరి నెలా నెలన్నరలో వాన ముఖం చాటేస్తే బూజు నేలలోనే గింజలోకి దూరుతుంది. బోరు నీళ్ళుంటే అప్పుడు ఒక తడి ఇవ్వడమే మందు. తర్వాత పీకే సమయానికి అక్టోబర్, నవంబర్ వానలు మొదలవుతాయి, తడి కాయని కుప్పేస్తే రెండు రోజుల్లో లోపల వేడెక్కుతుంది. చెట్లు తిరగేసి కాయలు పైకి ఉండేలా ఆరబెట్టండి, గింజలో తేమ 7-8 శాతానికి దిగేదాకా మూట కట్టకండి. ఇంకొకటి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది: గింజ విరగకూడదని కాయలు ఒలిచే మిషన్‌లో వేసే ముందు కాయల మీద నీళ్ళు చల్లడం. అన్నాళ్ళు ఎండబెట్టిన కష్టం ఒక్క బకెట్‌తో పోతుంది. దయచేసి ఆ పని మానండి, పది గింజలు విరిగినా పర్వాలేదు.

సమస్య: స్ట్రిప్ టెస్ట్ (విషం హద్దు దాటిందో లేదో గీతలతో చూపే పట్టీ) ఒకసారి బాగుందంది, ఇంకోసారి బాగాలేదంది.

కిట్‌ని తిట్టే ముందు శాంపిల్ ఎలా తీశారో చూడండి. విషం మూటంతా సమానంగా ఉండదు, వేల గింజల్లో ఏ నాలుగైదింటిలోనో గుట్టగా ఉంటుంది. పైనుంచి గుప్పెడు తీసి టెస్ట్ చేస్తే అది లాటరీయే. ప్రతి మూటలో పైన, మధ్యలో, అడుగున తీసి, నాలుగైదు కిలోలు పోగుచేసి, అంతా పొడి కొట్టి బాగా కలిపి, అందులోంచి టెస్టుకి కావాల్సింది తీయాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పండి, లేకపోతే నూనె వదిలి ముద్దవుతుంది.

స్ట్రిప్‌ని తిరగేసి చదివేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ రకం స్ట్రిప్‌ల్లో టెస్ట్ గీత కనపడితే ఆ కిట్ హద్దు లోపలే ఉన్నట్టు, గీత మాయమైతే హద్దు దాటినట్టు. ప్రెగ్నెన్సీ టెస్టుకి పూర్తిగా రివర్స్. స్ట్రిప్ పనిచేస్తోందని చెప్పే కంట్రోల్ గీత రాకపోతే ఆ స్ట్రిప్ పారేసి కొత్తది తీయండి. కచ్చితమైన అంకె కావాలంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో, విషాన్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించాలి. నేరుగా తినే చెనగ్గింజలకి మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన హద్దు కిలోకి 10 మైక్రోగ్రాములు, ఇంకా ప్రాసెస్ చేయాల్సిన వాటికి 15. యూరప్‌లో నేరుగా తినేవాటికి 4 మాత్రమే.

సమస్య: యూవీ టార్చ్ వేస్తే గింజ మెరిసింది, లేదా మెరవలేదు.

రెండింటికీ టెన్షన్ పడొద్దు, రెండింటినీ నమ్మొద్దు. అఫ్లాటాక్సిన్ యూవీలో నీలంగానో ఆకుపచ్చగానో మెరిసే మాట నిజమే, కానీ ప్రమాదకరమైన మోతాదు కూడా కంటికి ఆనేంత ఉండదు, పైగా వేరేవి కూడా మెరుస్తాయి.

సమస్య: గానుగ నూనె ముక్క వాసన వస్తోంది.

పాత గింజలు, పుచ్చు గింజలు ఆడించారు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది, గానుగలో ఆ దశ ఉండదు. తేరనిచ్చి వడగట్టడం మంచిదే, కానీ సరిపోదు. గానుగకి గింజలు మీరే ఏరి తీసుకెళ్ళండి.



 

సమస్య: ఆవు దాణా సరిగా తినడం లేదు, పాలు తగ్గాయి.

డాక్టర్‌కి చూపిస్తూనే చెక్క వాసన చూడండి, విరిచి లోపల చూడండి. గింజలోని విషంలో ఎక్కువ భాగం నూనెలోకి కాదు, చెక్కలోకి వెళుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయింది చెనక్కాయ చెక్క తినే, అలాగే ఈ విషం మొదటిసారి బయటపడింది. ఆవు తిన్న ఒక రోజులోపే అది ఆవు ఒంట్లో కొంచెం మారి, అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో పాలల్లోకి వస్తుంది. కాచినా పోదు, పెరుగు తోడేసినా పోదు. పాలకి మన దగ్గర హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాములే. అనుమానం వచ్చిన చెక్క ఆపేస్తే నాలుగైదు రోజుల్లో పాలల్లో బాగా తగ్గుతుంది, అందాకా ఆ పాలు పసిపిల్లలకి పట్టకండి. చేటలో ఏరేసిన గింజల్ని గొడ్లకో కోళ్ళకో వేయొద్దు, గానుగకి అమ్మొద్దు. గొయ్యి తీసి పూడ్చేయండి.