సీక్వెళ్లు చూసిన పిల్లలకు మొదటి ‘జురాసిక్ పార్క్’ చూపించడం ఎలా

మా అక్క కొడుకు ఆరో తరగతి. 2015 నుంచి వచ్చిన పార్టులన్నీ వాడికి కంఠతా వచ్చు. 1993 నాటి మొదటి సినిమా మాత్రం "పాతది మామా" అని పక్కన పడేశాడు. హన్మకొండలో పన్నెండేళ్లు సీడీల షాపు నడిపినవాణ్ని, నాకెలా ఉంటుంది? పట్టుబట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి టీవీ ముందు కూర్చోబెట్టాను. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. వాడి కడుపులో బగారన్నం, మటన్. అరగంటకే గురక. అంత వెలుతురులో, అంత తిండి పెట్టి ఆ సినిమా వేయడం నా తెలివితక్కువతనం. రెండోసారి జాగ్రత్తపడ్డాను, ఆ పద్ధతే ఇది.

ముందు సీక్వెళ్లను తిట్టడం ఆపాలి. పిల్లాడికి నచ్చినదాన్ని చెత్త అన్నామంటే మన సినిమా మీద కక్ష పెంచుకుంటాడు. 2015 దాంట్లో పార్కు ఓనరుగా ఇర్ఫాన్ ఖాన్ ఎంత బాగా చేశాడో నేనే మెచ్చుకున్నాను. అబద్ధమేం కాదు. ఆ తర్వాత మెల్లగా ఒక ముక్క వదిలాను: "అందులో ముసలి టీ-రెక్స్ ఉంది చూడు, దాని చిన్నప్పటి గొడవలు మొదటి సినిమాలో ఉన్నాయిరా." నిజానికి 1993లోనూ అది చిన్నదేం కాదు. కానీ రెండింటిలో ఉన్నది ఒకటే టీ-రెక్స్ అన్న మాట మాత్రం నిజం. ఆ ముక్క పనిచేసింది.

రాత్రిపూటే వేయాలి. జూలైలో మా దగ్గర ముసురు పట్టి మూడు రోజులు వదలదు కదా, అలాంటి రాత్రయితే ఇంకా మంచిది. ఎందుకంటే అసలు సీను వానలోనే ఉంది. లైట్లు ఆర్పేసి, ఫోన్లు తీసుకెళ్లి వంటింట్లో పెట్టండి, మీది కూడా. టీవీ స్పీకర్లతో సరిపోదు. పండక్కి పాటలు పెట్టే పాత హోమ్ థియేటర్ ఉంటే దుమ్ము దులపండి. దూరం నుంచి వచ్చే ఆ అడుగుల చప్పుడు గుండెలకు తగలాలి.

ఒక సంగతి ముందే చెప్పేయాలి. సినిమా 127 నిమిషాలు, అందులో డైనోసార్లు కనిపించేది మొత్తం కలిపి పదిహేను నిమిషాలు. టీ-రెక్స్ దాదాపు గంట దాకా రాదు. చెప్పకపోతే "ఎప్పుడొస్తది, ఎప్పుడొస్తది" అని ప్రాణం తీస్తారు. చెబితే అదే పందెమవుతుంది. మావాడు గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఆ గంటలో మేకను కట్టేస్తారు, కంచెకు కరెంటు పోతుంది, వాన మొదలవుతుంది. మా షాపులో ఈ సినిమా రెండు సీడీల్లో ఉండేది. మొదటి సీడీ సరిగ్గా మేక దగ్గరే ఇరుక్కునేది. కస్టమర్లు తెచ్చి కౌంటరు మీద పెట్టి "మేక కాడ ఆగింది" అనేవాళ్లు. చొక్కా కొంగుతో తుడిచి మళ్లీ ఇచ్చేవాణ్ని.

ఇక గ్లాసులో నీళ్లు. టీ-రెక్స్ దగ్గరికొస్తుంటే దాని అడుగుల అదురుకు కారులో పెట్టిన గ్లాసులో నీళ్ల మీద అలలు లేస్తాయి. సీక్వెళ్లలో ఎంత పెద్ద జంతువు ఎంత గట్టిగా అరిచినా నాకు రాని వణుకు ఈ గ్లాసు దగ్గర వస్తుంది. డైరెక్టర్ స్పీల్‌బర్గ్ తన కారులో పాటలు వింటున్నప్పుడు అద్దం అదరడం చూసి ఈ ఆలోచన చేశాడట. తీరా షూటింగులో నీళ్ల మీద గుండ్రటి అలలు రావడమే కష్టమైంది. చివరికి గ్లాసు కింద గిటార్ తీగ బిగించి, ఒక మనిషిని కారు కింద పడుకోబెట్టి మీటించారు.

దీన్ని ఇంట్లో చేసి చూపించండి. రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద పలుచటి చెక్క వేసి, దాని నడుమ చిన్న కొక్కెం అడుగువైపుకు బిగించండి. చౌరస్తాలో గిటార్ తీగ ఒకటి కొని, ఒక కొస కొక్కేనికి, ఇంకో కొస ఖాళీ గ్యాస్ సిలిండర్ పిడికి బిర్రుగా కట్టాలి. పైన గాజు గ్లాసే పెట్టాలి, స్టీలు గ్లాసులో ఏమీ కనిపించదు. మావాడు ముందు నేల మీద ధనధన తొక్కి చూశాడు. నీళ్లు అడ్డదిడ్డంగా ఊగి బండల మీద ఒలికాయి. కిందికి దూరి తీగ మీటగానే నడిమధ్య నుంచి సన్నటి వలయాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పావుగంట వాడు స్టూళ్ల కింద నుంచి లేవలేదు. సినిమా మధ్యలో కాదు, ముందురోజే చేయండి.

మిగతా ముచ్చట్లు సినిమా అయ్యాకే. వానలో నిలబడ్డది నిజంగా కట్టిన నిలువెత్తు యంత్రమని, రబ్బరు చర్మం నీళ్లు పీల్చి బరువెక్కితే వణికేదని, టేకుకూ టేకుకూ మధ్య టవళ్లతో తుడిచేవాళ్లని. ఆ అరుపులో పిల్ల ఏనుగు గొంతు, పులి గొంతు, మొసలి గొంతు కలిసి ఉన్నాయని.

పిల్లాడికి ఇంకా ఆసక్తి ఉంటే ఒకరోజు కాజీపేటలో రైలెక్కించి హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అక్కడున్న కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. దాని శాస్త్రీయ నామంలో ఊరి పేరు కూడా ఉంది. టీ-రెక్స్ జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ కాలానిది, జురాసిక్‌తో దానికి సంబంధం లేదు. అసలైన జురాసిక్ జీవి మాత్రం మన గోదావరి పక్కన ఆకులు మేసుకుంటూ తిరిగింది.

సినిమా అయ్యాక "ఏది బాగుంది?" అని మాత్రం అడక్కండి. నేను నోరు నొక్కుకున్నాను. వాడు మర్నాడే 2001 నాటి మూడో పార్టు పెట్టాడు. అందులో స్పైనోసారస్ అనే డైనోసార్ ఇంకో టీ-రెక్స్ మెడ విరిచి చంపేస్తుంది. ఇన్నేళ్లయినా ఆ సీను నేను చూడలేను, రాగానే టీ గ్లాసు పట్టుకొని వరండాలోకి వెళ్లిపోతాను. ఈసారి వెనక్కి తిరిగి చూస్తే, టీవీని అలాగే వదిలేసి వాడు కూడా వచ్చి గడప మీద కూర్చున్నాడు. "అయిపోయినంక పోదాం మామా" అన్నాడు.